మాట పెడచెవిన పెట్టడం కాదు.. మధ్యచెవిలో నీరు!

సాయంత్రం పూట కాలవ రేవులో పిల్లలు ఈదులాడుతుంటారు. గట్టు మీద నుంచి ఒక తల్లి కొడుకుని పేరు పెట్టి పిలుస్తుంది. నీళ్లలో ఉన్న నలుగురు పిల్లలు తలెత్తి చూస్తారు. ఆ పేరు గలవాడు మాత్రం చూడడు. దగ్గరకొచ్చి వీపు మీద ఒకటి వేస్తే గాని తిరగడు. 'ఎంత పిలిచినా పలకడు, వీడికి పొగరు' అంటుంది తల్లి. 'పాఠం చెబుతుంటే దిక్కులు చూస్తాడు' అంటారు బడిలో మాస్టారు. 'వాడికి అన్నీ పెడచెవే' అని నానమ్మ తేల్చేస్తుంది.

గోదావరి జిల్లాల్లో ఏ ఊరు వెళ్లినా ఇలాంటి పిల్లవాడు ఒకడు కనిపిస్తాడు. ఇటువంటి వాళ్లందరికీ జబ్బుందని కాదు. కొందరు నిజంగా అల్లరివాళ్లే. కాని కొందరి చెవి లోపల, కంటికి కనిపించని చోట నీరు చేరి ఉంటుంది. నొప్పి ఉండదు. చీము కారదు. జ్వరం రాదు. వినికిడి మాత్రం తగ్గిపోతుంది. పిల్లవాడు చెప్పుకోలేడు, పెద్దలు కనిపెట్టలేరు. తిట్లు, దెబ్బలు, తక్కువ మార్కులు మాత్రం వాడి ఖాతాలో పడిపోతుంటాయి.

ఇది నయమయ్యే జబ్బు. చాలామందిలో దానంతట అదే తగ్గిపోయే జబ్బు కూడా. అయితే తగ్గిందో లేదో తెలియాలంటే ఎప్పుడు మొదలైందో తెలియాలి. అది ఆస్పత్రి చీటీలో రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే పిల్లవాడి చదువు ఒక ఏడాది వెనకబడే ప్రమాదం ఉంది.

అది కాలవ నీరు కాదు, ఊట నీరు

'రోజూ కాలవలో మునుగుతాడు, చెవిలో నీళ్లు పోయాయి' అనేది మన ఊళ్లలో మొదట వినిపించే మాట. ఈ జబ్బు విషయంలో అది నిజం కాదు. బయట నుంచి కనిపించే చెవి రంధ్రం అంగుళం లోతున కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. డోలుకి చర్మం బిగించినట్లుగా అక్కడ పలుచటి పొర అడ్డంగా ఉంటుంది. అది చిరగనంత కాలం కాలవ నీరు గాని, తలంటి నీళ్లు గాని లోపలికి పోలేవు. చెవిలో పడిన నీళ్లు తల పక్కకు వంచితే కారిపోతాయి.

కర్ణభేరి వెనక చిన్న గది వంటిది ఉంది. దాన్నే మధ్యచెవి అంటారు. మూడు చిన్న ఎముకలు గొలుసులా కలిసి, భేరి మీద పడిన శబ్దాన్ని లోపలి చెవికి అందిస్తాయి. ఈ గదిలో ఉండవలసింది గాలి. ఆ గాలి ముక్కు వెనక భాగం నుంచి ఒక సన్నని గొట్టం గుండా వస్తుంది. రొంప పట్టినప్పుడు, ముక్కు వెనక ఉండే అడినాయిడ్ కండ పెరిగినప్పుడు ఆ గొట్టం మూసుకుపోతుంది. లోపల ఉన్న గాలి మెల్లగా ఇంకిపోతుంది. దాని స్థానంలో గది గోడల నుంచి నీరు ఊరుతుంది.

డెల్టా రైతుకు ఇది వేరే చెప్పనక్కరలేదు. వాన నీరు వేరు, ఊట నీరు వేరు. పైనుంచి పడిన నీరు ఎండకు ఆరుతుంది. మురుగు కాలవ పూడుకుపోయి నిలిచిన నీరు, ఆ పూడిక తీస్తే గాని పోదు. మధ్యచెవిలో నీరు ఈ రెండో రకం. కొందరిలో ఇది పలుచగా నీళ్లలా ఉంటుంది. ఎక్కువ కాలం నిలిస్తే తుమ్మబంకలా చిక్కబడుతుంది. ఇంగ్లీషు వైద్యులు దీన్ని 'గ్లూ ఇయర్', అంటే జిగురు చెవి అని పిలుస్తారు.

పిల్లల్లో ఈ గొట్టం పెద్దవాళ్ల కంటే పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. అందుకే ఇది ఎక్కువగా చిన్నపిల్లల జబ్బు. అమెరికాలో చెవి ముక్కు గొంతు వైద్యుల సంఘం 2016లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం బడి ఈడు వచ్చేలోగా పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి ఎప్పుడో ఒకసారి ఇలా నీరు చేరుతుంది. ఇంట్లో చుట్ట, సిగరెట్టు పొగ, పడుకోబెట్టి సీసాతో పాలు పట్టడం, తరచూ వచ్చే జలుబులు దీనికి దోహదం చేస్తాయి. గ్రహణపు అంగిలితో, అంటే అంగిలి చీలి పుట్టిన పిల్లల్లో ఇది మరీ ఎక్కువ.

ఒకరోజు వింటాడు, ఒకరోజు వినడు

మధ్యచెవిలో నీరుంటే వినికిడి సాధారణంగా 25, 30 డెసిబెల్స్ వరకూ తగ్గుతుంది. రెండు చెవుల్లోనూ వేళ్లు పెట్టుకుని ఎదుటివాళ్ల మాట వింటే ఎలా ఉంటుందో దాదాపు అలా ఉంటుంది. గట్టిగా అరిస్తే వినిపిస్తుంది. మామూలు మాట ముక్కలు ముక్కలుగా అందుతుంది. బడిలో వెనక బెంచీ మీద కూర్చున్నవాడికి మాస్టారి పెదవులు కదలడం కనిపిస్తుందే గాని పాఠం అందదు.

దీనిలో మరో తిరకాసు ఉంది. నీరు ఒకరోజు ఎక్కువగా, ఒకరోజు తక్కువగా ఉండవచ్చు. నిన్న పిలిస్తే పలికిన పిల్లవాడు ఇవాళ పలకడు. 'కావాలనే చేస్తున్నాడు' అనే అనుమానం ఇక్కడే బలపడుతుంది.

ఇంట్లో వాళ్లు గమనించవలసిన గుర్తులు కొన్ని ఉన్నాయి. టీవీ దగ్గరకు జరిగి కూర్చోవడం, శబ్దం పెంచమనడం. ప్రతి మాటకూ 'ఆఁ? ఏంటీ?' అనడం. వెనక నుంచి పిలిస్తే పలకకపోవడం, ఎదురుగా నిలబడి చెబితే మాత్రం చేయడం. ఒక చెవి అటు తిప్పి వినడం. నోరు తెరిచి నిద్రపోవడం, గురక పెట్టడం. మాటలు ఆలస్యంగా రావడం, వచ్చినవి స్పష్టంగా లేకపోవడం. వీటిలో రెండు మూడు కలిసి కొన్ని వారాలుగా కనిపిస్తే చెవి చూపించాలి. బడిలో ఉపాధ్యాయులకు పిల్లవాడిని ముందు బెంచీలోకి మార్చడం కానీ ఖర్చు లేని పని.

కేంద్ర ప్రభుత్వం 2013 ఫిబ్రవరిలో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడి పిల్లలకు ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీ పిల్లలకు రెండుసార్లు ఆరోగ్య పరీక్ష జరగాలని నిర్దేశించారు. ఆ పరీక్షలో చూడవలసిన 30 అంశాల్లో మధ్యచెవి వాపు, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. పరీక్షకు వచ్చినవాళ్లకు 'మావాడు పిలిస్తే పలకడు' అని ముందుగా చెప్పవలసింది తల్లిదండ్రులు, ఉపాధ్యాయులే. చెవి బయట నుంచి చూస్తే ఈ జబ్బు కనిపించదు.

మూడు నెలల లెక్క

డాక్టరు చేతిదీపం వంటి ఆటోస్కోప్‌తో కర్ణభేరిని చూస్తారు. నీరుంటే భేరి మెరుపు తగ్గి, లోపలికి గుంజుకున్నట్లు కనిపిస్తుంది. ఒక్కోసారి వెనక నీటి బుడగలు కూడా కనబడతాయి. పెద్దాస్పత్రుల్లో టింపనోమెట్రీ అనే పరీక్ష చేస్తారు. చెవిలో చిన్న బిరడా పెట్టి గాలి ఒత్తిడి మార్చితే భేరి కదలిక కాగితం మీద గీతగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చెవి గీత కొండలా లేచి దిగుతుంది. వెనక నీరుంటే భేరి కదలదు కనుక గీత బల్లపరుపుగా వస్తుంది. సూది లేదు, నొప్పి లేదు, కొద్ది నిమిషాల పని. ఎంత వినిపిస్తున్నదీ ఆడియోమెట్రీ పరీక్షలో తేలుతుంది.

ఆ తరువాత చాలామందికి మందులు రాయరు. ఇది విని 'అంత దూరం వెళితే మందు కూడా ఇవ్వలేదు' అని కోపం తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. కాని వైద్యుడు చేసింది సరైన పనే. జ్వరం, నొప్పి లేకుండా నీరు మాత్రమే ఉంటే యాంటీబయాటిక్ మాత్రలు, జలుబు సిరప్పులు ఆ నీటిని తీసివేయలేవని పరిశోధనల్లో తేలింది. ఎక్కువమందిలో మూడు నెలల లోపల గొట్టం తెరుచుకుని నీరు దానంతట అదే పోతుంది. అందుకే మూడు నెలలు కనిపెట్టి ఉండమంటారు. అంగిలి చీలిన పిల్లలు, మాటలు బాగా వెనకబడిన పిల్లల విషయంలో మాత్రం అంతకాలం ఆగరు.

ఈ మూడు నెలల లెక్క ఎప్పటి నుంచి? నీరు చేరిన రోజు తెలిస్తే ఆ రోజు నుంచి, తెలియకపోతే డాక్టరు మొదట కనుగొన్న రోజు నుంచి అని పైన చెప్పిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అసలు సమస్య ఇక్కడే వస్తుంది.

లంక గ్రామంలోని ఒక కుటుంబం అనుకుందాం. సంక్రాంతి తరువాత పిల్లవాడిని దగ్గరలోని పట్నంలో చూపించారు. చీటీ మీద 'చెవి ఇబ్బంది' అని రాసి, మూడు నెలలాగి రమ్మన్నారు. ఈలోగా చీటీ పోయింది. ఎండాకాలం సెలవుల్లో మరొక చోట చూపించారు. ఆ డాక్టరుకు పాత సంగతి తెలియదు. చెవిలో నీరుందన్నారు, మూడు నెలలాగి రమ్మన్నారు. దసరాకు మూడో చోట. మళ్లీ మూడు నెలలు. ముగ్గురు డాక్టర్లూ తప్పు చెప్పలేదు. ముగ్గురూ ఒకే మాట చెప్పారు. కాని లెక్క ప్రతిసారీ మొదటికొచ్చింది. పిల్లవాడికి మాత్రం ఒక తరగతి మొత్తం సగం సగమే వినిపించింది. మొదటి చీటీ మీద తేదీతో సహా 'రెండు చెవుల్లోనూ మధ్యచెవిలో నీరు' అన్న నాలుగు మాటలుంటే, వేసవిలోనే తరువాతి వైద్యం గురించి ఆలోచించేవారు.

ఆ తరువాతి వైద్యం పెద్ద గండమేమీ కాదు. మూడు నెలలు దాటినా నీరు పోక, వినికిడి తగ్గే ఉంటే కర్ణభేరికి చిన్న గాటు పెట్టి నీరు లాగి, గింజంత చిన్న గొట్టం అమర్చుతారు. దీన్ని గ్రోమెట్ అంటారు. ముక్కు గొట్టం చేయవలసిన పనిని కొంతకాలం ఇది చేస్తుంది. చేను ముంపు దిగడానికి గట్టుకు గండి కొట్టి తూము పెట్టినట్లన్నమాట. 1954లో ఆర్మ్‌స్ట్రాంగ్ అనే అమెరికన్ వైద్యుడు ఈ పద్ధతిని ఆధునిక రూపంలో ప్రచారంలోకి తెచ్చారు. చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాదిన్నర లోపల గ్రోమెట్ తనంతట తానే ఊడి వస్తుంది. అవసరమైతే అడినాయిడ్ కూడా తీసివేస్తారు.

జబ్బుకూ ఒక సర్వే నంబరు

పొలానికి సర్వే నంబరు ఉన్నట్లే జబ్బుకూ ఒక నంబరు ఉంది. మనిషి ఏ భాష మాట్లాడినా, డాక్టరు ఏ దేశంలో ఉన్నా, ఆ నంబరు చూస్తే జబ్బు ఏదో తెలుస్తుంది. ఈ లెక్క 1893లో మరణాల కారణాల జాబితాగా మొదలైంది. ఫ్రాన్సుకు చెందిన జాక్ బెర్టియాన్ దాన్ని తయారుచేశారు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ బాధ్యత తీసుకుని మరణాలతో పాటు జబ్బులనూ చేర్చింది. పదో సవరణకు 1990లో ఆమోదం లభించింది. పదకొండో సవరణ 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అయినా చాలాచోట్ల ఇప్పటికీ పదో సవరణ నంబర్లే వాడుకలో ఉన్నాయి.

ఆ పదో జాబితాలో చీములేని మధ్యచెవి జబ్బుల నంబరు హెచ్ 65. చీము పట్టిన వాటిది హెచ్ 66. సర్వే నంబరుకు సబ్ డివిజన్లు ఉన్నట్లే వీటికీ ఉన్నాయి. కొత్తగా చేరిన పలుచటి నీరైతే 65.0. చాలాకాలంగా ఉన్న పలుచటి నీరైతే 65.2. చిక్కబడిన జిగురైతే 65.3. ఏ రకమో రాయకపోతే 65.9, అంటే 'వివరం లేదు' అని అర్థం.

అడంగల్‌లో ఒక అంకె తప్పుపడితే రైతు ఎన్నిసార్లు ఆఫీసుల చుట్టూ తిరగాలో డెల్టాలో అందరికీ తెలుసు. ఇదీ అంతే. 65 అంటే కర్ణభేరి మూసి ఉండగా వెనక చేరిన నీరు. 66లో చేరే దీర్ఘకాలపు జబ్బు అంటే భేరికి చిల్లు పడి చీము కారే చెవి. మన ఇళ్లలో రెండింటినీ 'చెవిలో నీరు' అనే అంటారు. కాని రెండింటి వైద్యం వేరు, జాగ్రత్తలు వేరు. మొదటి రకం పిల్లవాడు కాలవలో ఈదితే ఆ నీరు భేరి దాటిపోదు. రెండో రకం పిల్లవాడికి చెవిలో చుక్క నీరు పడినా చీము తిరగబెడుతుంది. ఒకరి చీటీ మరొకరిదిగా చదివితే జాగ్రత్తలు తారుమారవుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోని ఈ నంబరు కుడి చెవో ఎడమ చెవో చెప్పదు. దాన్ని మాటల్లో రాయవలసిందే. అమెరికాలో 2015 అక్టోబరు నుంచి వాడుతున్న సొంత జాబితాలో మాత్రం చివర ఒక అంకె కలుపుతారు. 65.31 అంటే కుడి చెవిలో జిగురు, 65.32 అంటే ఎడమ చెవిలో, 65.33 అంటే రెండింటిలోనూ. భీమవరం, తణుకు ప్రాంతాల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాలకు ఈ నంబర్లు ఇన్సూరెన్సు కాగితాల మీద కనిపిస్తుంటాయి. డాక్టరు రాసిన దానికీ నంబరుకూ పొంతన కుదరకపోతే బిల్లు ఆగే ప్రమాదం ఉంది.

మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమైన తరువాత ప్రభుత్వ ఖర్చుతో జరిగే వైద్యానికి ముందుగా అనుమతి తీసుకోవడం అలవాటయింది. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న ఆ పథకంలోనూ జబ్బు పేరు, పరీక్షల కాగితాలు చూసిన తరువాతే అనుమతి. పిల్లవాడికి సూచించిన వైద్యం పథకంలో ఉందో లేదో ఆస్పత్రిలోని పథకం కౌంటరు దగ్గర ముందే అడిగి తెలుసుకోవాలి. అక్కడ మొదట అడిగేది కాగితాలే.

ఈ నంబర్లకు మరో ప్రయోజనం కూడా ఉంది. లెక్కల్లోకి వచ్చిన జబ్బుకే పరికరాలు, సిబ్బంది కావాలని అడగడానికి ఆధారం దొరుకుతుంది. చీటీలన్నిటి మీదా 'చెవి నొప్పి' అని, 'వివరం లేదు' అని ఉంటే, జిల్లాలో ఎంతమంది పిల్లలకు మధ్యచెవిలో నీరు నిలిచి ఉందో ఎవరికీ తెలియదు.

చీటీ మీద ఉండవలసిన ఐదు సంగతులు

ఓ.పి.లో రద్దీగా ఉన్నప్పుడు డాక్టరు గారిని వివరాలు రాయమనడానికి చాలామంది మొహమాటపడతారు. 'ఇదొక్కటి రాసిపెట్టండి బాబూ' అని అడగడంలో తప్పులేదు. మొదటిది, ఏ చెవి: కుడా, ఎడమా, రెండూనా. రెండోది, ఎప్పటి నుంచి. మూడోది, ఎటువంటి నీరు: పలుచనా, జిగురా, చీమా. నాలుగోది, కర్ణభేరి బాగుందా, చిల్లు పడిందా. ఐదోది, వినికిడి ఎంత ఉంది, మళ్లీ ఎప్పుడు రావాలి. జబ్బు నంబరు కూడా వేస్తే మరీ మంచిది.

చీటీని టీకాల కార్డుతో పాటు ప్లాస్టిక్ సంచిలో దాచాలి. ఇంట్లో ఫోను ఉంటే ఫొటో తీసి ఉంచాలి. 2021 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభించిన డిజిటల్ ఆరోగ్య పథకం కింద 14 అంకెల ఆభా నంబరు ఇస్తున్నారు. పిల్లవాడికి అది ఉంటే ఓ.పి.లో నమోదు చేయించాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అమలాపురం నుంచి కాకినాడ పెద్దాస్పత్రికి వెళ్లడమంటే జిల్లా దాటి వెళ్లడమే. చూసే డాక్టరు మారినా చేతిలో ఉన్న కాగితం మారదు.

ఈ పనులు చేయకండి

వెల్లుల్లి కాచిన నూనె చెవిలో పోయడం మన ఇళ్లలో పాత అలవాటు. నూనె భేరి దాటి వెళ్లదు, లోపలి నీటిని తీయదు. భేరికి చిల్లు ఉంటే హాని కూడా చేస్తుంది. గులిమి తీస్తామని పిన్నీసు, అగ్గిపుల్ల, చీపురుపుల్ల పెట్టడం మరీ ప్రమాదం. సంతలో చెవులు శుభ్రం చేసేవాళ్ల చేతికి పిల్లవాడి చెవి అప్పగించవద్దు. ఊళ్లో దొరికిన యాంటీబయాటిక్ తెచ్చి రెండు రోజులు వాడి మానడం వల్ల ప్రయోజనం లేదు.

మూడు నెలలాగమన్నారని అన్నిటికీ ఆగకూడదు. తీవ్రమైన నొప్పి, జ్వరం, చెవి వెనక వాపు, దుర్వాసనతో చీము, మూతి వంకర పోవడం, తల తిరగడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. పెద్దవాళ్లలో ఒక్క చెవిలోనే నీరు చేరి వారాల తరబడి పోకపోతే ముక్కు వెనక భాగం తప్పక పరీక్ష చేయించుకోవాలి. అరుదుగా అక్కడ గడ్డ ఉండి గొట్టాన్ని మూసివేయవచ్చు.

నీరున్నంత కాలం పిల్లవాడితో ఎదురుగా నిలబడి, నింపాదిగా, కాస్త గట్టిగా మాట్లాడాలి. టీవీ కట్టేసి పిలవాలి. చెప్పింది అర్థమయిందో లేదో తిరిగి చెప్పించుకోవాలి. వీపు మీద వేసే దెబ్బ కర్ణభేరి వెనక నీటిని తీయదు.

రేపు సాయంత్రం రేవు దగ్గర పిలిచినప్పుడు పిల్లవాడు తిరగకపోతే, మళ్లీ అరిచే ముందు ఒక పని చేయవచ్చు. ఇంటికొచ్చాక వాడి వెనక రెండడుగుల దూరంలో నిలబడి, మెల్లగా వాడికి ఇష్టమైన తినుబండారం పేరు చెప్పి చూడండి. జంతికలన్నా తిరిగి చూడకపోతే అది పొగరు కాదు. మర్నాడు చెవి చూపించండి. వచ్చేటప్పుడు చీటీ మీద తేదీ, ఏ చెవో రాయించుకుని రండి.